పీహెచ్ మీటర్ పెన్ ఎలా పనిచేస్తుంది? పాడైపోయినా ‘అంతా బాగుంది’ అని చెప్పే గ్యాడ్జెట్ కథ

ఫోన్ పాడైతే మనకు వెంటనే తెలిసిపోతుంది. స్క్రీన్ నల్లబడుతుంది, ఛార్జింగ్ ఎక్కదు, స్పీకర్ గరగరమంటుంది. కానీ ఒక గ్యాడ్జెట్ మాత్రం పాడైపోతూ కూడా నిక్షేపంగా ఉన్నట్టే అంకె చూపిస్తుంది. పైగా ఆ అంకె చూసి మనం "హమ్మయ్య" అనుకుంటాం. అదే పీహెచ్ మీటర్ పెన్.

ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయల నుంచే దొరికే ఈ పెన్నులను అక్వేరియం ఉన్నవాళ్లు, మేడ మీద మట్టి లేకుండా ఆకుకూరలు పెంచేవాళ్లు, రొయ్యల రైతులు చాలామంది కొంటున్నారు. రివ్యూలు చూస్తే సగం మంది ఐదు స్టార్లు ఇస్తారు, మిగతా సగం "రెండు నెలలకే తప్పు చూపిస్తోంది" అని తిడతారు. ఇద్దరు చెప్పేదీ నిజమే. ఎందుకో తెలియాలంటే ఆ పెన్ను లోపల ఏం జరుగుతోందో తెలియాలి. ఈ ఆర్టికల్‌లో అదే చూద్దాం.

బాబాయ్ చెరువు, బాబాయ్ పెన్ను

భీమవరం దగ్గర మా బాబాయ్‌కి రొయ్యల చెరువు ఉంది. పోయినేడాది ఒక పెన్ను కొని రోజూ పొద్దున, మధ్యాహ్నం పీహెచ్ చూసి నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. పొద్దున 7.5, మధ్యాహ్నం 8.1. వనామీ రొయ్యకు మామూలుగా చెప్పే 7.5 నుంచి 8.5 మధ్యలోనే ఉంది. కానీ చెక్ ట్రేలో మేత మిగిలిపోతోంది, రొయ్య చురుగ్గా లేదు. చివరికి ల్యాబ్ కుర్రాడు వచ్చి తన మీటర్ పెడితే మధ్యాహ్నం పీహెచ్ 8.9 వచ్చింది.

"ఏరా, మిషన్ మోసం చేసిందా?" అని ఫోన్ చేశాడు. నేను అడిగిన మొదటి ప్రశ్న, "బాబాయ్, వాడాక దాన్ని ఎలా పెడుతున్నావ్?"

"మొదట్లో ఊరికే మూత పెట్టేసేవాణ్ణి. తర్వాత ఎవరో తడిగా ఉంచమంటే డిస్టిల్డ్ వాటర్ తెప్పించి మూతలో పోస్తున్నా. అంత శుభ్రంగా చూసుకుంటున్నాను కదరా!"

అదే సమస్య. ఆయన చేసింది అశ్రద్ధ కాదు. ఆ పెన్నును ఏ రకం వస్తువు అనుకున్నాడో అక్కడ తేడా కొట్టింది. మనలో చాలామంది దాన్ని థర్మామీటర్ లాంటిది అనుకుంటాం. నిజానికి అది ఒక బ్యాటరీ.

బ్యాటరీయా? అవును, సగం బ్యాటరీ

స్కూల్లో డేనియల్ సెల్ గురించి చదివే ఉంటారు. 1836లో వచ్చింది. ఒకవైపు జింక్ కడ్డీ, ఇంకోవైపు రాగి కడ్డీ. ఒక్కోటి దాని లవణ ద్రావణంలో ఉంటుంది. రెండింటి మధ్య సుమారు 1.1 వోల్టులు వస్తాయి. ఇందులో జింక్ వైపు ఒక అర్ధ ఘటం, రాగి వైపు ఇంకో అర్ధ ఘటం. రెండూ కలిస్తేనే సెల్.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ఆ వోల్టేజ్ స్థిరంగా ఉండే అంకె కాదు. ద్రావణంలో అయాన్ల సాంద్రత మారితే వోల్టేజ్ కూడా కొద్దిగా మారుతుంది. ఎంత మారుతుందో లెక్కగట్టే సమీకరణం జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ పేరు మీద ఉంది.

దీన్ని తిరగేసి ఆలోచించండి. సాంద్రతను బట్టి వోల్టేజ్ మారుతుంది అంటే, వోల్టేజ్ కొలిచి సాంద్రత చెప్పేయొచ్చు కదా? ఒక అర్ధ ఘటాన్ని ఎప్పటికీ మారకుండా ఉంచి, రెండోదాన్ని మనం పరీక్షించే నీళ్లకు తగిలిస్తే చాలు. వోల్టేజ్‌లో వచ్చే మార్పంతా ఆ నీళ్ల వల్లే వచ్చినట్టు. పొటెన్షియోమెట్రీ అంటే ఇంతే.

ఒక్క అర్ధ ఘటంతో పని అవుతుందా అంటే అవదు. ఒంటి చేత్తో చప్పట్లు మోగవు. అందుకే ప్రతి పీహెచ్ పెన్నులోనూ రెండు ఎలక్ట్రోడ్లు ఉంటాయి, మనకు మాత్రం ఒకటే కనిపిస్తుంది. మొనలో కనిపించే గాజు బుడగ కొలిచే ఎలక్ట్రోడ్. దాని పక్కనే ప్లాస్టిక్ గొట్టంలో దాక్కుని ఉన్నది రిఫరెన్స్ ఎలక్ట్రోడ్. అందులో సిల్వర్ క్లోరైడ్ పూత ఉన్న వెండి తీగ, చుట్టూ పొటాషియం క్లోరైడ్ ద్రావణం లేదా జెల్ ఉంటాయి. చుట్టూ క్లోరైడ్ ఒకేలా ఉన్నంతకాలం ఆ తీగ వోల్టేజ్ కూడా ఒకేలా ఉంటుంది.

గాజు బుడగ పక్కన తెల్లటి చుక్క గానీ చిన్న వత్తి లాంటిది గానీ కనిపిస్తే దాన్ని జంక్షన్ అంటారు. అందులోంచి పొటాషియం క్లోరైడ్ చాలా నెమ్మదిగా బయటి నీళ్లలోకి ఊరుతూ ఉంటుంది. సర్క్యూట్ పూర్తయ్యేది ఈ దారిలోనే. పొటాషియం క్లోరైడే ఎందుకంటే, అందులోని పొటాషియం, క్లోరైడ్ అయాన్లు రెండూ దాదాపు ఒకే వేగంతో కదులుతాయి. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే జంక్షన్ దగ్గరే అనవసరంగా కొంత వోల్టేజ్ పుట్టేస్తుంది.

కరెంట్ తీయకుండా వోల్టేజ్ చూడటం ఎలా?

మీ ఫోన్‌లో 15 శాతం ఛార్జింగ్ ఉంది. కెమెరా తెరిచి ఫ్లాష్ వేయగానే టప్‌మని ఆఫ్ అయిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే 12 శాతం చూపిస్తోంది. ఇది చాలామందికి అనుభవమే. బ్యాటరీ లోపల కొంత నిరోధం ఉంటుంది. పాత బ్యాటరీలో అది ఇంకా ఎక్కువ. భారీగా కరెంట్ లాగినప్పుడు కొంత వోల్టేజ్ ఆ నిరోధంలోనే పోతుంది. ఉదాహరణకు 0.1 ఓమ్ నిరోధం ఉన్న బ్యాటరీ నుంచి 2 ఆంపియర్లు లాగితే 0.2 వోల్టు లోపలే ఖర్చు. బయటికి కనిపించేది బ్యాటరీ అసలు వోల్టేజ్ కాదన్నమాట. అసలు వోల్టేజ్ కనిపించాలంటే దాని నుంచి కరెంట్ లాగకూడదు.

పీహెచ్ పెన్నుకు ఇదే సమస్య కోట్ల రెట్లు పెద్దది. ఎందుకంటే ఇక్కడ కరెంట్ గాజులోంచి వెళ్లాలి. ఆ బుడగ గోడ ఎంత పల్చగా ఉన్నా దాని నిరోధం పది కోట్ల ఓమ్‌ల స్థాయిలో ఉంటుంది. మీ దగ్గరున్న మామూలు డిజిటల్ మల్టీమీటర్ నిరోధం సాధారణంగా కోటి ఓమ్‌లు. ఎలక్ట్రోడ్‌ను నేరుగా దానికి కలిపితే వోల్టేజ్‌లో పదకొండో వంతు మాత్రమే మీటర్‌కు చేరుతుంది, మిగతాదంతా గాజులోనే పోతుంది. 118 మిల్లీవోల్టులు ఉండాల్సిన చోట 11 కూడా కనిపించవు.

ఈ చిక్కు పాతదే. కరెంట్ లాగకుండా సెల్ వోల్టేజ్ కొలిచే పద్ధతిని 1841లోనే జర్మనీకి చెందిన పోగెన్‌డార్ఫ్ చూపించాడు. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవాళ్లకు పొటెన్షియోమీటర్ గుర్తుండే ఉంటుంది: పొడవాటి తీగ, దాని మీద జరిపే జాకీ, గాల్వనోమీటర్ ముల్లు సున్నాకు రావడం. సెల్ వోల్టేజ్‌కు ఎదురుగా సరిగ్గా అంతే వోల్టేజ్ పెడితే కరెంట్ ఎటూ పారదు. అప్పుడు తీగ మీద చదివేదే అసలు వోల్టేజ్. ఈ మొత్తం శాఖకు పొటెన్షియోమెట్రీ అనే పేరు వాడటం కూడా అందుకే అతికినట్టు సరిపోతుంది.

అయితే గాజుకు గాల్వనోమీటర్ కూడా సరిపోలేదు. ముల్లు కదలడానికి కావాల్సిన కాస్త కరెంట్ కూడా గాజు ఇవ్వలేదు. ఆ ముడి విప్పింది అమెరికాలోని కాల్‌టెక్‌లో పనిచేసే ఆర్నాల్డ్ బెక్‌మన్. నిమ్మరసం ఆమ్లత్వం కొలవలేక తంటాలు పడుతున్న గ్లెన్ జోసెఫ్ అనే పాత సహాధ్యాయి 1934లో ఆయన్ను సాయం అడిగాడు. జోసెఫ్ పనిచేసేది కాలిఫోర్నియా పండ్ల రైతుల సంస్థలో. బెక్‌మన్ వ్యాక్యూమ్ ట్యూబులతో యాంప్లిఫయర్ కట్టి, గాజు నుంచి దాదాపు కరెంట్ తీయకుండానే వోల్టేజ్ చదివేలా చేశాడు. 1935లో ఆ పరికరం 195 డాలర్లకు మార్కెట్లోకి వచ్చింది. అంటే పీహెచ్ మీటర్ పుట్టుకే ఒక రైతు అవసరం నుంచి!

ఇప్పుడు ఆ ట్యూబుల పని మీ పెన్నులో ఒక చిన్న చిప్ చేస్తుంది. మంచి మీటర్ నిరోధం లక్ష కోట్ల ఓమ్‌ల స్థాయిలో ఉంటుంది. పది కోట్ల ఓమ్‌ల గాజు పక్కన అది పదివేల రెట్లు పెద్దది కాబట్టి నష్టం పదివేలలో ఒక వంతే.

గాజు బుడగ చేసే పని

గాజుకు, ఆమ్లానికి ఏమిటి సంబంధం? ఇది మామూలు గాజు కాదు. హైడ్రోజన్ అయాన్లకు బాగా స్పందించేలా ప్రత్యేకంగా తయారుచేస్తారు. నీళ్లలో నానినప్పుడు దాని ఉపరితలం మీద కంటికి కనిపించని తడి పొర ఒకటి ఏర్పడుతుంది. నీళ్లలోని హైడ్రోజన్ అయాన్లు ఆ పొరలో చోటు దొరికినమేరకు అతుక్కుంటాయి. బుడగ లోపలి వైపు కూడా ఇదే జరుగుతుంది, ఎందుకంటే లోపల పీహెచ్ 7 ఉండే ద్రావణం నింపి సీల్ చేసేస్తారు. గాజుకు రెండు వైపులా అయాన్ల లెక్క వేరుగా ఉంటే వోల్టేజ్ పుడుతుంది, సమానంగా ఉంటే పుట్టదు.

పీహెచ్ అనే స్కేలును 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ల్యాబొరేటరీలో ప్రవేశపెట్టాడు. ఇందులో ఒక్కో మెట్టు దిగితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు పెరుగుతాయి. నెర్న్‌స్ట్ సమీకరణం ప్రకారం 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కో మెట్టుకు 59.16 మిల్లీవోల్టులు మారతాయి. అంటే,

పీహెచ్ 4 నీళ్లలో: సుమారు +177 మిల్లీవోల్టులు
పీహెచ్ 7 నీళ్లలో: 0
పీహెచ్ 10 నీళ్లలో: సుమారు −177 మిల్లీవోల్టులు

పెన్ను స్క్రీన్ మీద కనిపించే పీహెచ్ ఈ మిల్లీవోల్టులను చిప్ భాగించి చూపించే అంకె. అది ఆమ్లాన్ని నేరుగా చూడదు. వోల్టేజ్ చూసి లెక్కగడుతుంది.

పాడైతే 7 వైపు ఎందుకు జారుతుంది?

పై మూడు లైన్లలో మధ్యది మళ్లీ చూడండి. పీహెచ్ 7 అంటే సున్నా మిల్లీవోల్టులు. అంటే వోల్టేజ్ అసలు పుట్టకపోయినా చిప్ దాన్ని 7 అనే చదువుతుంది. మొత్తం కథ ఇక్కడే ఉంది. బుడగకు సన్నటి పగులు వచ్చి లోపలి ద్రావణం, బయటి నీళ్లు కలిసిపోయాయనుకోండి. రెండు వైపులా ఒకటే కాబట్టి వోల్టేజ్ సున్నా దగ్గరికి పడిపోతుంది. ఏ నీళ్లలో ముంచినా 7 చుట్టుపక్కలే చూపిస్తుంది. చచ్చిన ఫోన్ నల్ల స్క్రీన్ చూపిస్తే, చచ్చిన పీహెచ్ ఎలక్ట్రోడ్ 7 చూపిస్తుంది. 7 అంటే తటస్థం, "బాగానే ఉంది" అని మన లెక్క.

పూర్తిగా చావకుండా నీరసించిన ఎలక్ట్రోడ్ ఇంకా ప్రమాదం. గాజు ఎండిపోయినా, దాని మీద నాచు, సున్నపు పూత పట్టినా, వయసైపోయినా ఒక్కో మెట్టుకు 59 బదులు 50, 40, 35 మిల్లీవోల్టులే ఇస్తుంది. దీన్ని స్లోప్ తగ్గడం అంటారు. అప్పుడు అన్ని రీడింగులూ 7 వైపుకు నొక్కుకుపోతాయి. ఎక్కువ ఉన్నది తక్కువగా, తక్కువ ఉన్నది ఎక్కువగా కనిపిస్తుంది.

రెండో రకం తప్పు ఆఫ్‌సెట్. రిఫరెన్స్ వైపు ఉన్న పొటాషియం క్లోరైడ్ కారిపోతే ఆ తీగ వోల్టేజ్ జరుగుతుంది. అప్పుడు అన్ని రీడింగులూ ఒకే అంత పక్కకు పోతాయి. ఖాళీ కాటా మీద ఏమీ పెట్టకుండానే 200 గ్రాములు చూపించినట్టు. డిస్టిల్డ్ వాటర్ చేసే చెడు ఇదే. అందులో అయాన్లు దాదాపు ఉండవు కాబట్టి రిఫరెన్స్‌లోని ఉప్పు జంక్షన్ గుండా అందులోకి లాగేసుకుపోతుంది. శుభ్రమైన నీళ్లే కదా అని మనం పోస్తాం, అవి ఎలక్ట్రోడ్‌ను ఖాళీ చేస్తాయి.

ఇప్పుడు బాబాయ్ చెరువు లెక్క వేద్దాం. ఆయన పెన్ను స్లోప్ 60 శాతానికి పడిపోయింది. అసలు పీహెచ్ 8.9 అంటే 7 కంటే 1.9 ఎక్కువ. అందులో 60 శాతం 1.14. పెన్ను చూపించేది 8.1. పొద్దున అసలు 7.8 ఉంటే చూపించేది 7.5. పొద్దుటికీ మధ్యాహ్నానికీ అసలు తేడా 1.1. పగలు నాచు, సూక్ష్మ మొక్కలు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేయడం వల్ల పీహెచ్ పెరుగుతుంది. రోజులో ఈ తేడా 0.5 దాటకూడదని రైతులకు చెబుతారు. పెన్ను మాత్రం 0.6 చూపించింది. "కాస్త ఎక్కువే, ఫర్వాలేదు" అనుకునే అంకె అది.

ఫర్వాలేదా? నీళ్లలో ఉండే మొత్తం అమ్మోనియాలో రొయ్యకు విషమయ్యే రూపం ఎంత అన్నది పీహెచ్ మీద ఆధారపడుతుంది. 30 డిగ్రీల వేడిలో, ఉప్పు తక్కువగా ఉన్న నీళ్లలో పీహెచ్ 8.1 దగ్గర సుమారు 10 శాతం విష రూపంలో ఉంటే, 8.9 దగ్గర దాదాపు 40 శాతం. టెస్ట్ కిట్‌లో వచ్చిన అమ్మోనియా అంకె అదే. కానీ ప్రమాదం నాలుగు రెట్లు. పెన్ను 0.8 తప్పు చెప్పింది అంటే చిన్న తప్పులా వినిపిస్తుంది, చెరువుకు మాత్రం అది చిన్నది కాదు. ఇలాంటి సమయంలో పీహెచ్ తక్కువే ఉందని సున్నం చల్లితే పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

ఇంట్లోనే చేసుకునే ఐదు నిమిషాల టెస్ట్

చాలా పెన్నులతో 6.86, 9.18, 4.01 అని రాసిన బఫర్ పౌడర్ ప్యాకెట్లు వస్తాయి. చాలామంది వాటిని డబ్బాలోనే వదిలేస్తారు. అసలు విలువైనవి అవే. ప్యాకెట్ మీద చెప్పినంత డిస్టిల్డ్ వాటర్‌లో, సాధారణంగా 250 మిల్లీలీటర్లు, కలపండి. డిస్టిల్డ్ వాటర్‌కు ఇక్కడ పని ఉంది, పెన్ను మూతలో కాదు.

1. మొదట 6.86లో ముంచి, అంకె నిలిచాక రాసుకోండి.
2. మొన కడిగి, టిష్యూతో అద్దండి, రుద్దకండి. తర్వాత 9.18లో ముంచి రాసుకోండి. ఈ రెండింటి మధ్యలో కాల్ బటన్ నొక్కకండి.
3. రెండో అంకెలోంచి మొదటిది తీసేయండి. వచ్చినదాన్ని 2.32తో భాగించి వందతో గుణించండి. అదే మీ స్లోప్ శాతం.

బాబాయ్ పెన్ను 6.86లో 6.9, 9.18లో 8.3 చూపించింది. తేడా 1.4. అంటే 60 శాతం. 95 పైన ఉంటే పెన్ను బాగున్నట్టే. 85 కంటే తగ్గితే శుభ్రం చేసి, నానబెట్టి మళ్లీ చూడాలి. అప్పటికీ పెరగకపోతే మార్చేయడమే.

ఈ టెస్ట్‌లో ఒక విషయం గమనించారా? 6.86లో పెన్ను దాదాపు కరెక్ట్‌గానే చూపించింది! అందుకే 7 దగ్గర ఒక్క బఫర్‌తో మాత్రమే చెక్ చేస్తే ఏమీ తెలియదు. కుళాయి నీళ్లలో ముంచి "7 వచ్చింది, బాగుంది" అనుకోవడం కూడా అంతే. 7కి దూరంగా ఉన్న రెండో బఫర్‌లోనే నిజం బయటపడుతుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి?

రెండు పాయింట్ల కాలిబ్రేషన్: ఇది తప్పనిసరి. ఒక్క పాయింట్ మాత్రమే ఉన్న పెన్ను ఆఫ్‌సెట్‌ను సరిచేయగలదు గానీ స్లోప్‌ను సరిచేయలేదు. వెనక చిన్న స్క్రూ తిప్పే పాత మోడళ్లలో చాలావరకు ఈ రకమే.

మార్చుకోగలిగే ఎలక్ట్రోడ్: గాజుకు ఆయుష్షు ఉంటుంది. ఎంత జాగ్రత్తగా వాడినా ఏడాది, రెండేళ్లకు నీరసిస్తుంది. ఎలక్ట్రోడ్ ఊడే మోడల్ అయితే అది మాత్రమే కొంటే చాలు. లేకపోతే పెన్ను మొత్తం చెత్తబుట్టలోకి. బ్యాటరీ మార్చలేని ఫోన్ కథే ఇక్కడా.

0.01 అని రాసి ఉంటే: అది చాలాసార్లు రిజల్యూషన్, అంటే స్క్రీన్ మీద ఎన్ని అంకెలు చూపిస్తుందో. ఖచ్చితత్వం వేరు. 0.01 పీహెచ్ అంటే 0.6 మిల్లీవోల్టు కూడా కాదు. నీరసించిన ఎలక్ట్రోడ్ రెండు దశాంశాలతో తప్పు చెప్పినా అది తప్పే.

ఏటీసీ: ఉష్ణోగ్రతను బట్టి సవరించే ఫీచర్. ఉంటే మంచిదే గానీ దీనికి జరిగే ప్రచారం ఎక్కువ. 35 డిగ్రీల దగ్గర మెట్టుకు 59.16 బదులు 61.1 మిల్లీవోల్టులు వస్తాయి. ఏటీసీ లేకపోతే పీహెచ్ 9 దగ్గర వచ్చే తప్పు 0.07 కూడా కాదు. స్లోప్ పడిపోతే వచ్చే తప్పు దీనికి పది రెట్లు పైనే. ఇంకో మాట, వేడికి నీళ్ల పీహెచ్ కూడా నిజంగానే కొంత మారుతుంది. దాన్ని ఏటీసీ సవరించదు, సవరించకూడదు కూడా.

మిల్లీవోల్ట్ మోడ్: ఉంటే వెంటనే తీసుకోండి. చిప్ లెక్కలు లేకుండా ఎలక్ట్రోడ్ ఆరోగ్యం నేరుగా కనిపిస్తుంది.

టీడీఎస్ పెన్నుతో కలిపి అమ్మే కాంబోలు: రెండూ ఒకేలా కనిపిస్తాయి, పని మాత్రం పూర్తిగా వేరు. టీడీఎస్ పెన్ను నీళ్లలోకి కరెంట్ పంపి అది ఎంత తేలిగ్గా పారుతోందో చూస్తుంది. అందుకే దాన్ని తుడిచి పొడిగా పెట్టేయొచ్చు. పీహెచ్ పెన్నును అలా పెడితే పాడవుతుంది.

ఎలా దాచాలి?

మూతలో 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణం నాలుగు చుక్కలు ఉండాలి. స్టోరేజ్ సొల్యూషన్ పేరుతో చిన్న సీసాల్లో దొరుకుతుంది. మొన చుట్టూ తెల్లటి ఉప్పు కడితే భయపడకండి, కడిగేస్తే పోతుంది. ద్రావణం అందుబాటులో లేకపోతే అప్పటికి 4.01 బఫర్ పోసి ఉంచొచ్చు. డిస్టిల్డ్ వాటర్, ఆర్‌ఓ నీళ్లు మాత్రం వద్దు.

ఎండిపోయిన పెన్నును ఒక రాత్రంతా స్టోరేజ్ ద్రావణంలో నానబెట్టి మళ్లీ టెస్ట్ చేయండి. సున్నపు పూత ఉంటే తెల్ల వెనిగర్‌లో కొద్ది నిమిషాలు ఉంచి, కడిగి, తర్వాత నానబెట్టండి. మొన తప్ప మిగతా పెన్ను తడవనివ్వకండి. లోపల కాస్త చెమ్మ చేరినా ఆ లక్ష కోట్ల ఓమ్‌ల నిరోధానికి అడ్డదారి దొరికినట్టే, గాజు ఇచ్చే కొద్దిపాటి వోల్టేజ్ అందులోంచే జారిపోతుంది.

ఆర్‌ఓ నీళ్ల పీహెచ్ చూద్దామని ఈ పెన్ను కొనేవాళ్లకు ఒక మాట. అయాన్లు తక్కువ ఉన్న నీళ్లలో అంకె ఒకచోట నిలవదు, మెల్లగా జారుతూనే ఉంటుంది. అది పెన్ను తప్పు కాదు. కాబట్టి ఆర్‌ఓ నీళ్లతో మీ పెన్నును పరీక్షించకండి.

ఇదే టెక్నాలజీ ఇంకెక్కడుంది?

గాజు బదులు వేరే పొర పెడితే వేరే అయాన్‌ను కొలవొచ్చు. 1966లో ఫ్రాంట్, రాస్ అనే ఇద్దరు లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికంతో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ చేశారు. నల్లగొండ లాంటి జిల్లాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రామ్ దాటిందా, 1.5 గరిష్ఠ పరిమితి దాటిందా అని ల్యాబులో చూసేందుకు ఇప్పుడు వాడే పద్ధతుల్లో ఇదీ ఒకటి. అక్కడా అదే 59 మిల్లీవోల్టుల లెక్క. రక్త పరీక్షలో సోడియం, పొటాషియం అంకెలు వచ్చేది కూడా ఇలాంటి ఎలక్ట్రోడ్ల నుంచే.

మీ బీఎస్6 బండి సైలెన్సర్ పైపుకు బిగించిన ఆక్సిజన్ సెన్సర్ కూడా ఈ కుటుంబమే. సాధారణంగా అందులో జిర్కోనియా సిరామిక్ ఉంటుంది. ఒకవైపు బయటి గాలి, ఇంకోవైపు పొగ. రెండింటిలో ఆక్సిజన్ తేడాను బట్టి వోల్టేజ్ పుడుతుంది, దాన్ని చూసి పెట్రోల్ ఎంత పంపాలో ఈసీయూ నిర్ణయిస్తుంది. ఇంట్లో షుగర్ చూసుకునే గ్లూకోమీటర్ మాత్రం వేరే జాతి. అది సాధారణంగా స్ట్రిప్‌లో పారే కరెంట్‌ను కొలుస్తుంది.

మా తీర్పు

పీహెచ్ పెన్ను మంచి గ్యాడ్జెట్టే, తక్కువ ధరలో ల్యాబ్ టెక్నాలజీ చేతికి వస్తోంది. కానీ అది కొని వాడేసే వస్తువు కాదు, బతికించుకుంటూ వాడాల్సిన వస్తువు. పెన్నుతో పాటు 6.86, 9.18 బఫర్లు, ఒక సీసా స్టోరేజ్ ద్రావణం కూడా బడ్జెట్‌లో వేసుకోండి. అవి కొనే ఉద్దేశం లేకపోతే పెన్ను కూడా కొనకండి. తప్పు అంకె కంటే అంకె లేకపోవడమే నయం, కనీసం అనుమానమైనా మిగులుతుంది.

బాబాయ్ పెన్నును రాత్రంతా నానబెడితే స్లోప్ 60 నుంచి 73కి వచ్చింది, అంతకు మించి కదల్లేదు. అది ఎలక్ట్రోడ్ ఊడే మోడల్ కాదు, పక్కన పడేశాడు. కొత్తది ఊడే రకం తీసుకున్నాడు. ఇప్పుడు నోట్‌బుక్‌లో పొద్దున, మధ్యాహ్నం అనే రెండు గడుల పక్కన మూడోది గీశాడు. దాని పైన "స్లోప్" అని రాసి ఉంది, ప్రతి ఆదివారం నింపుతాడు.